మందులో ఉండకూడనిది

(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. 1923లో బోస్టన్ చేరారు. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, బోదకాలుకి వాడే హెట్రజాన్ అని ఆయన సాధించినవి మనం ఏకరువు పెడుతుంటాం. వాటన్నిటి వెనకా ఉన్న చేతిపని గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. రకరకాల పదార్థాలు కలిసిపోయిన ముద్దలోంచి కావలసిన ఒక్కదాన్ని చెడకుండా బయటికి తీయడం ఆయన విద్య. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ కొలత చేతికి వచ్చింది కనుకనే కండరంలోంచి ముందు ఫాస్ఫోక్రియాటిన్‌నీ, తర్వాత ఏటీపీనీ వేరుచేయగలిగారు. ఫోలిక్ యాసిడ్ కథ కూడా కాలేయం ముద్ద దగ్గరే మొదలవుతుంది.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. న్యూయార్క్ దగ్గర పర్ల్ రివర్ అనే ఊళ్లో ఆ సంస్థ 1906లో పుట్టింది గుర్రాల రక్తం నుంచి విషం విరుగుళ్లు తీయడానికే. అప్పట్లో దాని పేరు కూడా లెడర్లీ యాంటీటాక్సిన్ ప్రయోగశాలలు. ఆయన అక్కడికి చేరడానికి నాలుగేళ్ల ముందు, 1936లో, ఆ సంస్థలోనే పనిచేసిన ఇవాన్ పార్ఫెంట్యెవ్ ఆ విరుగుళ్లను శుద్ధిచేసే కొత్త పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ పద్ధతి వారసత్వం ఇవాళ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఫ్రిజ్‌లలో ఉంది. అందుకే సుబ్బారావు గారిని తలుచుకునే సభలో యాంటీబాడీల శుద్ధి గురించి మాట్లాడదామనుకున్నాను.

చెప్పదలచిన మాట ఒక్కటే. యాంటీబాడీని మందుగా ఇచ్చేటప్పుడు రోగి ఒంట్లోకి ఏది వెళ్తుంది, ఏది బయటే ఆగిపోతుంది అన్నది శుద్ధి దగ్గరే తేలుతుంది. కాబట్టి శుద్ధే తయారీ. ఈ విద్య మన హైదరాబాద్‌కి క్షుణ్ణంగా తెలుసు. తెలిసిన విద్య, వరిపొలంలో పాము కరిచిన మనిషి దాకా పూర్తిగా రాలేదు. ఎందుకు రాలేదన్నది ఈ సాయంత్రం ప్రశ్న.

1

1890లో బెర్లిన్‌లో ఎమిల్ బేరింగ్, షిబసాబురో కిటసాటో ఒక సంగతి చూపించారు. ధనుర్వాతం విషాన్ని తట్టుకునేలా తయారైన జంతువు రక్తరసాన్ని మరో జంతువుకి ఎక్కిస్తే రెండోది కూడా ఆ విషాన్ని తట్టుకుంటుంది. కొద్ది సంవత్సరాల్లోనే కంఠసర్పి వచ్చిన పిల్లలకు గుర్రం సీరం ఇవ్వడం మొదలైంది. 1894లో పారిస్‌లో ఆల్బెర్ట్ కాల్మెట్ నాగుపాము విషానికి ఇదే దారిలో విరుగుడు తీశాడు. 1901లో వైద్యంలో తొలి నోబెల్ బేరింగ్‌కి దక్కింది.

అప్పుడు రోగికి ఎక్కించింది ఏమిటి? గుర్రం నెత్తుటిలోంచి గడ్డ తీసేయగా మిగిలిన రసం, దాదాపు ఉన్నదున్నట్టుగా. లీటరు ప్లాస్మాలో సుమారు 70 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అందులో సగానికి దగ్గరగా ఆల్బుమిన్. యాంటీబాడీలుండేది మిగతా భాగంలో కొంత. ఆ యాంటీబాడీల్లో కూడా మనకి పనికొచ్చేవి కొన్నే. తక్కినవన్నీ ఆ గుర్రం తన జన్మలో తిన్న గడ్డికీ, పీల్చిన దుమ్ముకీ, సోకిన పురుగులకీ తయారుచేసుకున్నవి. వాటితో రోగికి ఏ ప్రయోజనమూ లేదు. రోగి శరీరం మాత్రం వాటన్నిటినీ పరాయివిగానే చూస్తుంది.

1905లో వియన్నాలో పిల్లల వైద్యులు క్లెమెన్స్ పిర్కే, బేలా షిక్ ఈ బాధకి సీరం జబ్బు అని పేరుపెట్టి పుస్తకం రాశారు. ఇంజెక్షన్ ఇచ్చిన వారం, పది రోజులకి జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులు, మెడకింద బిళ్లలు. కంఠసర్పి నుంచి బతికి బయటపడిన పిల్లవాడు మళ్లీ మంచం పట్టేవాడు. గుర్రం ప్రోటీన్ మీద పిల్లవాడి శరీరమే యాంటీబాడీలు తయారుచేసి పోరాడుతోందని వాళ్లిద్దరూ సరిగ్గా ఊహించారు. ఎక్కించిన ప్రోటీన్ ఎంత ఎక్కువైతే ఈ జబ్బు అంత తరచుగా వచ్చేది.

అంతకన్నా ఘోరం 1901లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగింది. జిమ్ అనే గుర్రం నుంచి కంఠసర్పి సీరం తీసేవారు. ఆ గుర్రానికి ధనుర్వాతం సోకింది. అప్పుడు తీసిన సీరం పరీక్ష లేకుండా బయటికి వెళ్లింది. 13 మంది పిల్లలు ధనుర్వాతంతో చనిపోయారు. మరుసటి ఏడాదే అమెరికా ఇలాంటి మందుల మీద చట్టం తెచ్చింది. ఆ సీరంలో కంఠసర్పి యాంటీబాడీలకు లోటేమీ లేదని విద్యార్థులు గమనించాలి. ఉండకూడనిది ఒకటి అందులో ఉంది.

2

శుద్ధి ఉప్పుతో మొదలైంది. వంటింటి ఉప్పు కాదు, అమ్మోనియం సల్ఫేట్. న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ ప్రయోగశాలలో గిబ్సన్, ఆయన తర్వాత బాంజాఫ్ 1900ల తొలి దశకంలో ఈ పద్ధతిని కంఠసర్పి సీరానికి కుదిర్చారు. ఇవాళ్టికీ ఏ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లోనైనా విద్యార్థి చేతికి మొదట అప్పగించే పని ఇదే. చల్లటి ప్లాస్మాని మెల్లగా కలుపుతూ ఉప్పు ద్రావణాన్ని సన్నటి ధారగా పోస్తారు. చాలాసేపు ఏమీ కనిపించదు. ఒక మోతాదు దాటగానే ధార పడే చోట తెల్లటి మబ్బు లేస్తుంది, కలిపితే మాయమవుతుంది, మళ్లీ లేస్తుంది, ఆపైన మాయం కావడం మానేస్తుంది. నీటిని ఉప్పు లాగేసుకుంటే ముందుగా గ్లోబ్యులిన్లు విరిగి కిందికి దిగుతాయి. ఆల్బుమిన్ పైన ద్రావణంలోనే ఉండిపోతుంది. తొందరపడి ఉప్పు ఒక్కసారిగా ఒంపితే రెండూ కలిసే దిగుతాయి. ఈ పని నేర్పేటప్పుడు నేను విద్యార్థులతో గడియారం వైపు చూడవద్దని, పాత్ర వైపే చూడమని చెప్పేవాణ్ణి.

ఇందాక చెప్పిన పార్ఫెంట్యెవ్ పేటెంట్ రెండో మెట్టు. మన జీర్ణాశయంలో ఉండే పెప్సిన్‌ని తీసుకుని, ఆమ్లంలో, యాంటీటాక్సిన్ సీరానికి కలిపాడు. సీరంలోని మిగతా ప్రోటీన్లు చాలావరకు జీర్ణమైపోయాయి. విరుగుడు శక్తి మాత్రం నిలబడింది. కొద్దికాలానికి ఇంగ్లండ్‌లో వెల్‌కమ్ ప్రయోగశాలల్లో పోప్ ఆ పద్ధతిని ఇంకా మెరుగుపరిచాడు. విచిత్రమేమిటంటే అప్పటికి యాంటీబాడీ ఆకారం ఎవరికీ తెలియదు! 1959లో రోడ్నీ పోర్టర్, 1960లో ఆల్‌ఫ్రెడ్ నిసోనాఫ్ చేసిన పనులతో సంగతి అర్థమైంది. యాంటీబాడీకి రెండు చేతులు, ఒక కాడ ఉంటాయి. విషాన్ని పట్టుకునేవి చేతులు. మన రోగనిరోధక వ్యవస్థని రెచ్చగొట్టి పిలిచేది కాడ. పెప్సిన్ కాడని తినేసి, రెండు చేతులనూ జంటగా వదిలేస్తుంది. మన దేశంలో పాముకాటుకి ఇచ్చే యాంటీ స్నేక్ వెనం, అంటే డాక్టర్లు ఏఎస్‌వీ అనే మందులో, ప్రధానంగా ఉండేది ఈ జంట చేతులే. ప్రయోగశాలలో తెలియకుండా దొరికిన పద్ధతి సరైనదేనని పాతికేళ్ల తర్వాత తేలింది.

ఇక మూడోది నాకు ఎక్కువ ఇష్టమైన పద్ధతి. కొబ్బరినూనెలో, మేకపాలలో ఉండే కాప్రిలిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం ఉంది. సీసా మూత తీస్తే మేకల కొట్టం వాసన వస్తుంది, రోజంతా చేతులను వదలదు. 1969లో ఫ్రాన్స్‌లో స్టైన్‌బుక్, ఓడ్రాన్ దీన్ని ప్లాస్మాలో కలిపితే యాంటీబాడీలు తప్ప మిగతా ప్రోటీన్లు విరిగి దిగిపోతాయని చూపారు. 1994లో కోస్టారికాలోని క్లొడొమీరో పికాడో సంస్థ, ఒక చిన్న దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయం నడిపే సంస్థ, ఈ ఆమ్లంతోనే పాముకాటు మందు తయారుచేసే సులువైన పద్ధతి ప్రచురించింది.

తేడా ఎక్కడుందంటే, ఉప్పు పద్ధతి రాళ్లు కలిసిన బియ్యంలోంచి బియ్యపు గింజల్ని ఏరి పక్కన పెట్టడం లాంటిది, కాప్రిలిక్ పద్ధతి రాళ్లని ఏరేసి బియ్యాన్ని చేటలోనే ఉంచడం లాంటిది. ఉప్పుతో యాంటీబాడీ ఒకసారి ముద్దగా విరిగి, మళ్లీ కరగాలి. అలా విరిగి కరిగే క్రమంలో కొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. రక్తంలోకి వెళ్లాక ఎక్కువ గొడవ చేసేది ఈ గుంపులే. కాప్రిలిక్ పద్ధతిలో యాంటీబాడీ మొదటి నుంచి చివరి దాకా ద్రావణంలోనే ఉంటుంది. మెట్లు తక్కువ, ఖర్చు తక్కువ, చేతికొచ్చే సరుకు ఎక్కువ, గుంపులు తక్కువ. శుద్ధి పెంచితే ధర పెరిగి తీరుతుందని అనేవాళ్లకి నేను ఎప్పుడూ కోస్టారికానే చూపిస్తాను.

3

గుర్రాన్ని వదిలేసి మనిషి రక్తాన్నే వాడితే? ఈ అధ్యాయాన్ని త్వరగా దాటతాను, కానీ ఇందులో ఒక హెచ్చరిక ఉంది.

యాంటీబాడీలు సీరంలోని గామా గ్లోబ్యులిన్ భాగంలో ఉంటాయని 1939లో టిసేలియస్, కేబట్ చూపించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హార్వర్డ్ వైద్య కళాశాలలో ఎడ్విన్ కోన్ బృందం చల్లటి ఆల్కహాల్‌తో మనిషి ప్లాస్మాని భాగాలుగా విడదీసింది. అదే ఆవరణలో కొన్నేళ్ల ముందు దాకా సుబ్బారావు గారు పనిచేశారు. కోన్ రెండో భాగంలో దొరికిన గామా గ్లోబ్యులిన్‌ని 1952లో ఆగ్‌డెన్ బ్రూటన్ అనే సైనిక వైద్యుడు మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లతో ఆస్పత్రికి వస్తున్న ఎనిమిదేళ్ల బాలుడికి చర్మం కింద ఇచ్చాడు. ఆ పిల్లవాడి రక్తంలో యాంటీబాడీలు పుట్టుకతోనే లేవు. ఇంజెక్షన్లు మొదలయ్యాక ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి.

అదే మందుని నరంలోకి ఎక్కిస్తే మాత్రం రోగులు షాక్‌లోకి వెళ్లేవారు. కారణం మళ్లీ ఆ గుంపులే. వాటిని అదుపులోకి తెచ్చి, నరంలోకి నిశ్చింతగా ఇవ్వగల మందు చేయడానికి 1980ల దాకా పట్టింది. ఇవాళ మన నగరాల్లో పిల్లల వార్డుల్లో ఐవీఐజీ అని రాస్తే వచ్చే సీసా అది.

హెచ్చరిక ఇది. 1977లో ఐర్లండ్‌లో కాన్పు తర్వాత తల్లులకు ఇచ్చే యాంటీ-డి యాంటీబాడీ మందులో హెపటైటిస్ సి వైరస్ ఉంది. అప్పటికి ఆ వైరస్‌కి పేరు కూడా లేదు. 1989లో దాన్ని గుర్తించారు. ఆ తల్లుల్లో వందలమందికి జబ్బు సోకిన సంగతి 1994లో గానీ బయటికి రాలేదు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకి, పుట్టబోయే బిడ్డల క్షేమం కోసం ఇచ్చిన మందు అది. ప్రోటీన్‌ని వేరుచేసే మెట్టు వైరస్‌ని కూడా తీసేస్తుందనుకుంటే సరిపోదు. వైరస్ కోసమే విడిగా ఒక మెట్టు, దాన్ని కొలిచే పరీక్ష, రెండూ ఉండాలి. ఇప్పుడు డిటర్జెంట్‌తో, ఆమ్లంతో, అతి సన్నటి రంధ్రాల ఫిల్టర్లతో చేసే పని అదే.

4

1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా తయారుచేసే కణాలను సృష్టించారు. వాటినే మోనోక్లోనల్ అంటాం. 1986లో తొలి మోనోక్లోనల్ మందు వచ్చింది. 1997లో లింఫోమా క్యాన్సర్‌కి రిటుక్సిమాబ్ వచ్చింది. పదేళ్లకి, 2007లో, హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ దానికి సమానమైన మందుని రెడిటక్స్ పేరుతో తెచ్చింది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. ఈ మాట గర్వంగా చెప్పుకోదగినది. ఎందుకో చెప్పాలంటే ఆ ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతుందో చూపించాలి.

పెద్ద స్టీలు ట్యాంకులో హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక అండాశయం నుంచి వచ్చిన కణాలు దాదాపు రెండు వారాలు పెరుగుతాయి. యాంటీబాడీని బయటికి వదులుతాయి. దాంతోపాటే చచ్చిన కణాల ముక్కలు, వాటి డీఎన్ఏ, వందల రకాల సొంత ప్రోటీన్లు ఆ ద్రవంలో కలుస్తాయి. కణాలని వడకట్టాక ఆ పసుపుపచ్చటి ద్రవాన్ని ఒక కాలమ్ గుండా పంపుతారు. కాలమ్ నిండా అగరోజ్ రెజిన్, దాని మీద ప్రోటీన్-ఎ అనే అణువు అతికించి ఉంటుంది. ప్రోటీన్-ఎ వచ్చింది కురుపుల్లో చీము పట్టించే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా నుంచి. మన యాంటీబాడీలని కాడ పట్టుకుని నిర్వీర్యం చేయడానికి అది ఆ అణువుని తయారుచేసుకుంది. 1966లో స్వీడన్‌లో ఫోష్‌గ్రెన్, షోక్విస్ట్ ఆ పట్టుని గుర్తించారు. కొద్ది సంవత్సరాల్లోనే అదే యాంటీబాడీలని వేరుచేసే సాధనమైంది. మనల్ని జబ్బు చేయడానికి పుట్టిన అణువు ఇప్పుడు క్యాన్సర్ మందు తయారీలో మొదటి మెట్టు!

కాలమ్ ముందు నిలబడి చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. ద్రవం వెళ్తున్నంతసేపూ తెర మీద ప్రోటీన్‌ని చూపే గీత పైన ఉంటుంది, అంటే అక్కర్లేనివన్నీ బయటికి పోతున్నాయి. కడిగేకొద్దీ గీత కిందికి దిగి నేలని తాకుతుంది. అప్పుడు ఆమ్లం గల ద్రావణం, పీహెచ్ సుమారు మూడున్నర, లోపలికి వదులుతారు. ప్రోటీన్-ఎ పట్టు సడలుతుంది. గీత ఒక్కసారిగా నిటారుగా లేచి, ఒక్క శిఖరం కట్టి దిగిపోతుంది. ఆ శిఖరంలో ఉన్నది దాదాపు అంతా యాంటీబాడీయే. ఒక్క మెట్టులో ఇంత శుద్ధి మరే పద్ధతిలోనూ రాదు. ఆ ఆమ్లంలోనే అరగంట నుంచి గంట దాకా అలాగే ఉంచుతారు. చిట్టెలుక కణాల్లో ఉండగల రెట్రోవైరస్‌ల పైపొర ఆ ఆమ్లానికి నాశనమవుతుంది. ఒకే ఆమ్లం రెండు పనులు చేస్తుంది.

పని అంతటితో అయిపోదు. కాలమ్ నుంచి ఊడివచ్చిన ప్రోటీన్-ఎ, మిగిలిన డీఎన్ఏ, గుంపులు వీటిని తీయడానికి విద్యుదావేశం ఆధారంగా పనిచేసే మరో రెండు కాలమ్‌లు. ఆపైన సుమారు 20 నానోమీటర్ల రంధ్రాల వైరస్ ఫిల్టర్. చివరికి చిట్టెలుక ప్రోటీన్ పది లక్షల పాళ్లలో వంద పాళ్లకు మించకూడదని, డీఎన్ఏ ఒక మోతాదుకి 10 నానోగ్రాములు దాటకూడదని లెక్కలు. ఈ రెజిన్ లీటరు లక్షల రూపాయలు ఉంటుంది. ఇదంతా మన ఊళ్లో, మన పిల్లలే, మూడు షిఫ్టుల్లో చేస్తున్నారు.

విద్యార్థులు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. పాముకాటు మందుని కూడా ఇదే కాలమ్ గుండా పంపొచ్చు కదా? పంపలేం. ప్రోటీన్-ఎ పట్టుకునేది కాడని. పెప్సిన్ కాడని ముందే తినేసింది. దానికి వేరే దారి ఉంది, వస్తున్నాను.

5

2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58 వేలు. అందులో 70 శాతం దాకా ఎనిమిది రాష్ట్రాల్లోనే. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికి కలిపి తయారుచేసేదే మన ఏఎస్‌వీ. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే విన్స్ బయోప్రొడక్ట్స్ లాంటి సంస్థలు దాన్ని తయారుచేస్తాయి.

వయల్‌లో తెల్లటి పొడి ఉంటుంది. 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి, కుదపకుండా, మెల్లగా తిప్పుతూ కరిగించాలి. కుదిపితే నురగ కడుతుంది, నురగలో ప్రోటీన్ చెడుతుంది. మొదటి మోతాదే ఎనిమిది నుంచి పది వయల్స్. నర్సు ఒక్కర్తే ఒక్కొక్కటీ కరిగిస్తుంటే గుమ్మం దగ్గర నుంచి బంధువులు “ఇంకా ఎక్కించలేదేం సిస్టర్” అని కేకలు. సెలైన్‌లో కలిపి చుక్కలు మొదలుపెట్టిన పది, పదిహేను నిమిషాలకి రోగి గోకడం మొదలుపెడతాడు. ఒళ్లంతా దద్దుర్లు, వాంతి, ఆయాసం, బీపీ పడిపోవడం. డ్రిప్ ఆపి, అడ్రినలిన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్కోసారి గంట తర్వాత ఒళ్లు వణికించే చలిజ్వరం వస్తుంది. అది చాలాసార్లు తయారీలో కలిసిన బ్యాక్టీరియా పెంకుముక్కల వల్ల, అంటే ఎండోటాక్సిన్ వల్ల వచ్చేది. ఇక్కడున్న డాక్టర్లు తల ఊపుతున్నారు.

శ్రీలంకలో మన దేశపు ఏఎస్‌వీ ఇచ్చిన 1007 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. నలుగురిలో ముగ్గురికి రియాక్షన్ వచ్చింది. అలా వచ్చినవాళ్లలో 43 శాతం మందికి అది తీవ్రమైనది. ముందుగా కొద్దిపాటి అడ్రినలిన్ చర్మం కింద ఇస్తే తీవ్రమైన రియాక్షన్లు తగ్గుతాయని కూడా ఆ పరీక్షే తేల్చింది. మంచి ఉపాయమే. కానీ మందులోని లోపానికి మరో మందు కాపలా కాస్తోందన్నమాట.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఈ రియాక్షన్ కన్నా దాని భయం. చిన్న ఆస్పత్రిలో, రాత్రి పది దాటాక, ఒంటరిగా డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ ఏఎస్‌వీ ఫ్రిజ్‌లో ఉండి కూడా “పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి” అంటాడు. అతన్ని నేను తప్పుపట్టను. రియాక్షన్ వస్తే ఊపిరి గొట్టం వేయడానికి అక్కడ రెండో మనిషి ఉండడు. అంబులెన్స్‌లో పోయే ఆ గంటన్నరలో కట్లపాము విషం ఊపిరి కండరాలని పడకేయిస్తుంది, రక్తపింజర విషం మూత్రపిండాలని కొడుతుంది. మందులో ఉండకూడనిది ఉండటం వల్ల పోయిన ప్రాణాల లెక్కలో ఆ దారిలో పోయినవాళ్లనీ చేర్చాలి.

ఇంకో లెక్క. ఆ వయల్‌లో ఉన్న యాంటీబాడీ ముక్కల్లో పాము విషాన్ని నిజంగా పట్టేవి సాధారణంగా పదోవంతు నుంచి ఐదోవంతు దాకా. మిగతావి గుర్రం తన కోసం చేసుకున్నవి. ఇందాక దాటవేసిన దారి ఇక్కడుంది. కాలమ్‌లో రెజిన్‌కి పాము విషాన్నే అతికించి, దాన్ని పట్టుకున్న యాంటీబాడీ ముక్కల్ని మాత్రమే తీసుకోవచ్చు. 2000లో అమెరికాలో అనుమతి పొందిన క్రోఫాబ్ అలా చేసిందే. గొర్రెల రక్తం నుంచి తీసి, విషం అతికించిన కాలమ్‌తో శుద్ధిచేస్తారు. రియాక్షన్లు బాగా తక్కువ. ధర వయల్‌కి వేల డాలర్లు. మన వయల్ కొన్ని వందల రూపాయలు. క్రోఫాబ్‌ని దిగుమతి చేసుకోమని నేను అనను, అది అక్కడి పాములకే పనిచేస్తుంది. ఆ రెండు ధరల మధ్య ఉన్న ఖాళీ అంతా శుద్ధి ఖర్చు కాదని మాత్రం, ఆ పని చేతితో చేసినవాడిగా చెప్పగలను.

పక్కనే మరో ఉదాహరణ ఉంది. కుక్క కరిస్తే గాయంలో ఇచ్చే గుర్రపు రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌కి ఒకప్పుడు ముందు చర్మం మీద పరీక్ష చేసి గానీ ఇచ్చేవారు కాదు. తయారీ సంస్థలు దాన్ని బాగా శుద్ధిచేయడం మొదలుపెట్టాక రియాక్షన్లు బాగా తగ్గాయి. ఆ పరీక్ష అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో చెప్పింది. అదీ గుర్రం నుంచి తీసిందే, అదీ పెప్సిన్‌తో కత్తిరించిందే. ఒక గుర్రపు మందుకి సాధ్యమైనది మరోదానికి చాలావరకు సాధ్యమే. పాముకాటులో మోతాదు పెద్దది, నరంలోకి ఇస్తాం, కనుక పని ఇంకా కష్టం. కష్టమైతే ఇంకా ఎక్కువ పట్టుదలగా చేయాలి.

శుద్ధితో తీరని సమస్య కూడా ఉంది. మన దేశంలో ఏఎస్‌వీకి కావలసిన విషం ఎక్కువభాగం తమిళనాడులోని వడనెమ్మేలిలో 1978లో మొదలైన ఇరుళర్ తెగవారి సహకార సంఘం నుంచి వస్తుంది. తరతరాల విద్యతో పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలే వాళ్ల రుణం ఈ దేశం మీద చాలా ఉంది. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అయితే ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కార్తీక్ సుణగర్ బృందం వరసగా చూపిస్తోంది. ఒకచోటి విషంతో చేసిన మందు ఇంకోచోట బలహీనం కావచ్చు. కనుక ప్రాంతాలవారీ విషం కావాలి అంటున్నారు, నిజమే. కానీ ఎక్కువ రకాల విషం కలిపితే ఒక్కొక్కదానికి యాంటీబాడీల వాటా ఇంకా తగ్గుతుంది, రోగికి ఎక్కించాల్సిన ప్రోటీన్ ఇంకా పెరుగుతుంది. అప్పుడు శుద్ధి అవసరం ఇంకా ఎక్కువవుతుంది. ఈ రెండు కోరికలనూ కలిపే అడగాలి.

2024లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ, మన బెంగళూరు శాస్త్రవేత్తలు కలిసి నాగుపాము కుటుంబపు ఒక ప్రధాన విషాన్ని అడ్డుకునే మానవ యాంటీబాడీని ప్రచురించారు. రేపు అలాంటివి నాలుగైదు కలిపి, ప్రోటీన్-ఎ కాలమ్ గుండా వచ్చిన మందు మన చేతికి రావచ్చు. అది వచ్చేదాకా పొలం పనులు ఆగవు.

6

మనం ఇప్పుడే చేయగలిగింది ఏమిటి?

మొదట కొనుగోలు. మన ప్రభుత్వాలు ఏఎస్‌వీని టెండరు పెట్టి, నిబంధనలు దాటినవాళ్లలో తక్కువ ధర పలికినవాళ్ల దగ్గర కొంటాయి. ఆ నిబంధనల్లో విషాన్ని ఎంత విరిచేస్తుందన్న సంఖ్య ఉంటుంది. ఎన్ని మిల్లీగ్రాముల ప్రోటీన్‌తో ఆ పని చేస్తోంది, అందులో గుంపులు ఎంత శాతం, ఎండోటాక్సిన్ అనుమతించిన హద్దుకి ఎంత కింద ఉంది అన్న సంఖ్యలు కూడా టెండరులో మార్కులు తెచ్చేవి కావాలి. ఒకే బలం ఉన్న రెండు మందుల్లో సగం ప్రోటీన్‌తో ఆ బలం ఇచ్చేదానికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడంలో దుబారా ఏమీ లేదు. ఒక్క రియాక్షన్‌కి అయ్యే ఐసీయూ ఖర్చు ముందు ఆ తేడా లెక్కలోకి రాదు. కొనేవాడు అడిగితే చేసేవాడు చేస్తాడు. ఇక్కడి తయారీదారులకు చేతకాక కాదు. ఇదే నగరంలో రెడిటక్స్ తయారైంది, 2020లో కోవిడ్ కాలంలో ఐసీఎంఆర్‌తో కలిసి బయొలాజికల్-ఇ గుర్రాల నుంచి బాగా శుద్ధిచేసిన యాంటీసీరం తయారుచేసింది. అవసరమని పైవాళ్లు అనుకున్నప్పుడు నెలల్లో పని జరిగింది.

రెండోది విశ్వవిద్యాలయాలకు. కాప్రిలిక్ పద్ధతిలో తీసినదాన్నీ ఉప్పు పద్ధతిలో తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి, మన ప్రాంతపు రక్తపింజర విషం మీద పోల్చే పనికి విదేశీ యంత్రాలు అక్కర్లేదు. మంచి సెంట్రిఫ్యూజ్, ఒక కాలమ్, ఓపిక ఉన్న ఇద్దరు పరిశోధక విద్యార్థులు చాలు. ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కుదిరాకే ఏటీపీ దొరికిందని మొదట్లో అన్నాను. ఇక్కడ కూడా కొలతే ముందు కావాలి.

మూడోది ఆస్పత్రులకు, ముఖ్యంగా ఇక్కడికి వచ్చిన నర్సులకు. 2030కల్లా పాముకాటు మరణాలు సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యానికి మీ చేతిలోని కేస్ షీట్ చాలా అవసరం. చాలాచోట్ల దాని మీద “ఏఎస్‌వీ 10 వయల్స్ ఇచ్చాం, రియాక్షన్ వచ్చింది, తగ్గింది” అని మాత్రమే ఉంటుంది. ఏ కంపెనీది, ఏ బ్యాచ్ నంబరు, డ్రిప్ మొదలైన ఎన్నో నిమిషానికి, దద్దుర్లా చలిజ్వరమా బీపీ పడిపోవడమా అన్నది ఉండదు. దద్దుర్లు ప్రోటీన్ గురించి చెబుతాయి, చలిజ్వరం ఎండోటాక్సిన్ గురించి చెబుతుంది. ఆ రెండిటికీ ఫ్యాక్టరీలో సరిచేయాల్సిన మెట్లు వేరువేరు. బ్యాచ్ నంబరు లేకపోతే ఏ మెట్టులో తప్పు జరిగిందో వెతకడానికి దారే ఉండదు. మందుల దుష్ఫలితాలు నమోదుచేసే జాతీయ వ్యవస్థ ఉంది, వైద్య కళాశాలల్లో దాని కేంద్రాలున్నాయి, ఫారం కూడా ఉంది. నింపి పంపేవాళ్లే తక్కువ.

రేపు డ్యూటీలో పది వయల్స్ కరిగించాక ఖాళీ సీసాలని బుట్టలో వేసేముందు లేబుల్ మీది బ్యాచ్ నంబరు కేస్ షీట్‌లో రాయండి. వీలైతే లేబుల్ చింపి అదే కాగితానికి అతికించండి. రియాక్షన్ వస్తే టైము వేయండి. జిల్లాలో ఒక్క వానాకాలం ఇలా రాసిపెడితే, వచ్చే ఏడాది టెండరు కమిటీ ముందు ఉంచడానికి మన దగ్గర మన సొంత లెక్కలు ఉంటాయి.